డివిడెండ్ ఈటీఎఫ్: ఏది చూసి కొనాలి, ఆర్డర్ ఎలా పెట్టాలి

గోదావరిఖని, మందమర్రి, భూపాలపల్లి వాళ్లకు సింగరేణి లాభాల వాటా గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. డివిడెండ్ కూడా లాభంలో వాటానే, అయితే అది షేర్లున్నవాళ్లకు వస్తుంది. సింగరేణి షేరు మార్కెట్లో దొరకదు. అందులో 51 శాతం రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది. కోల్ ఇండియా, రామగుండంలో ప్లాంటున్న ఎన్టీపీసీ, పవర్‌గ్రిడ్, ఓఎన్‌జీసీ దొరుకుతాయి. ఇవన్నీ ఒకే యూనిట్‌లో కావాలంటే 2014లో వచ్చిన సీపీఎస్‌ఈ (కేంద్ర ప్రభుత్వ సంస్థల) ఈటీఎఫ్ ఉంది. ఈటీఎఫ్ అంటే చాలా కంపెనీల షేర్లు కలిపి పెట్టుకున్న ఫండ్, దాని యూనిట్లను షేరులాగే మార్కెట్లో కొని అమ్ముకోవచ్చు. ప్రైవేటు కంపెనీలు కూడా కలవాలంటే నిఫ్టీ డివిడెండ్ ఆపర్చునిటీస్ 50 సూచీని (డివిడెండ్ బాగా ఇచ్చే 50 కంపెనీల జాబితాను) అనుసరించే ఈటీఎఫ్ చూడండి. కొత్తవాళ్లకు రెండోదే నయం. మొదటిదాంట్లో కంపెనీలు తక్కువ, అవీ ఎక్కువగా కరెంటు, బొగ్గు, చమురు రంగాలవే. ప్రభుత్వ నిర్ణయం ఒక్కటి మారినా అన్నీ కలిసి పడొచ్చు.

పేరులో డివిడెండ్ ఉంది కదా అని డబ్బు బ్యాంకులో పడుతుందనుకోకండి. చాలా ఈటీఎఫ్‌లు కంపెనీల నుంచి వచ్చిన డివిడెండ్‌ను మళ్లీ షేర్లలోనే పెడతాయి. యూనిట్ విలువ పెరుగుతుంది, మీ చేతికి ఏమీ రాదు. పథకం పత్రంలో పంపిణీ గురించి ఏం రాశారో ముందే చదవండి. పంచినా, పంచిన మేరకు యూనిట్ విలువ తగ్గుతుంది. కాబట్టి పంపిణీ తేదీకి ముందురోజు కొంటే కలిసొచ్చేదేమీ లేదు. నెలనెలా ఇంటి ఖర్చుకు డబ్బు కావాలంటే ఇది సరైన దారి కాదు, పోస్టాఫీసు నెలసరి ఆదాయ పథకమో, సీనియర్ సిటిజన్ల పొదుపు పథకమో చూసుకోండి. రిటైరైనప్పుడు వచ్చిన మొత్తాన్ని ఇందులో పెట్టొద్దు.

ఎక్కువ శాతం డివిడెండ్ అంటే మంచి షేరు అని కాదు. 100 రూపాయల షేరు 4 రూపాయలిస్తే 4 శాతం. అదే షేరు 50కి పడితే లెక్కలో 8 శాతం కనిపిస్తుంది, సగం సొమ్ము పోయిన సంగతి మాత్రం కనిపించదు. కోల్ ఇండియా షేరు 2015లో 400 దాటి, 2020లో 150 కిందికి వచ్చింది. ఆ ఐదేళ్లూ డివిడెండ్ ఇస్తూనే ఉంది. ఐదారేళ్లు ఆగలేని డబ్బు, ముఖ్యంగా వానాకాలం విత్తనాలకూ ఎరువులకూ కావాల్సిన పత్తి డబ్బు, దీంట్లోకి తేవొద్దు.

కొనడానికి డీమ్యాట్ (యూనిట్లు దాచే), ట్రేడింగ్ (కొనే, అమ్మే) ఖాతాలు కావాలి. ఒక్కటే డీమ్యాట్ ఉంటే బేసిక్ సర్వీసెస్ ఖాతా అడగండి. 4 లక్షల విలువ వరకు నిర్వహణ రుసుము ఉండదు. నామినీని అప్పుడే చేర్చండి.

ఎక్కువమంది నష్టపోయేది ఆర్డర్ దగ్గరే. ఫండ్ సంస్థ సైట్లో ఐ-ఎన్‌ఏవీ అని ఉంటుంది, అది ఆ క్షణంలో యూనిట్ అసలు విలువ. అది 100 ఉందనుకోండి. అమ్మేవాళ్లు 100.20కి 50, 101కి 100, 102.50కి 350 యూనిట్లు పెట్టారు. మీరు 500 యూనిట్లకు మార్కెట్ ఆర్డర్ (దొరికిన ధరకే కొనే ఆర్డర్) కొడితే సగటున 101.97 పడుతుంది, అంటే దాదాపు 985 రూపాయలు ఊరికే ఇచ్చినట్టే. అందుకే ఎప్పుడూ లిమిట్ ఆర్డరే (ఇంతకు మించి ఇవ్వనని ధర చెప్పే ఆర్డర్) పెట్టండి, ధర ఐ-ఎన్‌ఏవీకి దగ్గరగా ఉండాలి. 9.15కి మార్కెట్ తెరవగానే కాకుండా ఓ అరగంట ఆగండి. ఆర్డర్ నిండకపోతే ధర పెంచుకుంటూ పోవద్దు, మర్నాడు చూసుకోవచ్చు.

పంపిణీ ఉన్న పథకమైతే డీమ్యాట్‌లోని బ్యాంకు వివరాలు సరిచూడండి. 2025 జనవరి 1న ఏపీ గ్రామీణ వికాస్ బ్యాంకు తెలంగాణ శాఖలు తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి. అంతకుముందు ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసింది. పాత ఐఎఫ్‌ఎస్‌సీ కోడే ఉండిపోతే డబ్బు తిరిగి వెళ్లిపోవచ్చు.

చేతికొచ్చిన డివిడెండ్ మీ ఆదాయంలో కలిసి, మీ శ్లాబు ప్రకారం పన్ను పడుతుంది. ఏడాదిలో ఒకే ఫండ్ నుంచి 10,000 దాటితే 10 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కోస్తారు. పాన్ లేకపోతే 20. యూనిట్లు ఏడాది దాటాక అమ్మితే, మొత్తం ఈక్విటీ లాభంలో ఏటా 1.25 లక్షలు పోను మిగతాదానిపై 12.5 శాతం, ఏడాదిలోపు అమ్మితే 20 శాతం. 30 శాతం శ్లాబులో ఉన్నవాళ్లకు డివిడెండ్ పంచని ఈటీఎఫ్ కొని, అవసరమైనప్పుడు కొన్ని యూనిట్లు అమ్ముకోవడమే లాభం. అమ్మిన రోజు డీపీ చార్జీ (డీమ్యాట్ నుంచి యూనిట్లు తీసినందుకు వేసే రుసుము) ఎన్ని యూనిట్లకైనా ఒక్కటే పడుతుంది కాబట్టి, ఐదూ పదీ యూనిట్లు రోజుకిన్ని అమ్మకుండా ఏడాదికి ఒకటి రెండు సార్లు కలిపి అమ్మండి.