అమెరికాలో ప్రైవేటు డీల్‌లో డబ్బు పెట్టేముందు

డాలస్‌లో తెలిసినవాళ్లే "అపార్ట్‌మెంట్ డీల్ ఉందన్నా, చేరతావా?" అన్నా సరే, వైర్ చేసేముందు ఇవి చూడండి.

• ఎస్ఈసీ (షేర్లు, పెట్టుబడుల అమ్మకాలను చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ) వారి ఆన్‌లైన్ రికార్డుల వ్యవస్థ ఎడ్గార్‌లో కంపెనీ పేరు వెతకండి. రెగ్యులేషన్ డి (ఎస్ఈసీలో రిజిస్టర్ చేయకుండానే వాటాలు అమ్ముకోనిచ్చే మినహాయింపు) కింద అమ్మేవాళ్లు మొదటి అమ్మకమైన 15 రోజుల్లో ఫారం డి అనే నోటీసు దాఖలు చేయాలి. అది ఉన్నంత మాత్రాన ప్రభుత్వం డీల్‌ను పరిశీలించి ఒప్పుకున్నట్టు కాదు. మనవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

• అమ్మే మనిషి పేరు బ్రోకర్‌చెక్‌లో (బ్రోకర్ల రిజిస్ట్రేషన్, ఫిర్యాదుల చరిత్ర చూపే ఉచిత వెబ్‌సైట్) చూడండి. టెక్సస్ సెక్యూరిటీస్ బోర్డుకూ ఫోన్ చేయండి. రిజిస్ట్రేషన్ మినహాయింపు ఉన్నా మోసం మీద చర్య తీసుకునే అధికారం రాష్ట్రానికి ఉంటుంది.

• ఆదాయం, ఆస్తి పరిమితికి చేరకుండానే "అక్రెడిటెడ్" (ఇలాంటి డీల్స్‌కు చట్టం ప్రకారం అర్హత ఉన్న పెట్టుబడిదారు) గడిలో టిక్కు పెట్టొద్దు. రేపు దావా వేస్తే అదే మీకు అడ్డం పడొచ్చు.

• "రాబడి గ్యారంటీ" అని నోటితో అంటే, మెయిల్‌లో రాసివ్వమనండి. రాయకపోతే ఆగిపోండి.