'ద బ్యాడ్ స్లీప్ వెల్' మధ్యలో ఆపేయకుండా చూడటం ఎలా

జపాన్ దర్శకుడు అకిరా కురొసావా సినిమా కదా, కత్తులూ గుర్రాలూ ఉంటాయిలే అని ఇది పెట్టుకుంటే మొదటి పావుగంటలోనే చెయ్యి ఫోన్ మీదకి పోతుంది. 1960 నాటి బ్లాక్ అండ్ వైట్ సినిమా, రెండున్నర గంటలు, అన్నీ సూట్లు, ఫైళ్లు, ఒంగి ఒంగి దండాలు. తెర మీద ఒకేసారి బోలెడుమంది, అందరికీ నల్లకోటే, పేర్లు ఒక్కటీ నోరు తిరగవు. కాస్త సిద్ధపడి కూర్చుంటే మాత్రం ఇంత కసిగా తీసిన పగ సినిమా తొందరగా ఇంకోటి దొరకదు.

ముందు ఒక కాగితం తీసుకుని పేర్లు పైనుంచి కిందికి రాసుకోండి. ఇవాబుచి, భూముల అభివృద్ధి చూసే ప్రభుత్వ కార్పొరేషన్‌కి వైస్ ప్రెసిడెంట్. ఆయన కింద మొరియామా. అతని కింద కాంట్రాక్టులు చూసే షిరాయ్. షిరాయ్ కింద వాడా. పక్కన ఇంకో వరసలో దైర్యూ అనే నిర్మాణ కంపెనీ, దాని అకౌంటెంట్ మియురా. ఇవాబుచి పేరు పైన కొంచెం జాగా ఖాళీగా వదిలెయ్యండి, పనికొస్తుంది. ఇక ఇంటివైపు చూస్తే, ఇవాబుచి కూతురు యోషికో, కొడుకు తత్సువో, అల్లుడు కాబోతున్న సెక్రటరీ నిషి. కళ్లద్దాలు పెట్టుకుని నున్నగా తల దువ్వుకున్న ఈ నిషే కురొసావా సినిమాల హీరో తొషిరో మిఫునె, చాలామంది మొదటి చూపులో గుర్తుపట్టరు.

వ్యవహారం మనకి తెలియనిదేమీ కాదు. టెండర్లలో కుమ్మక్కు, కాంట్రాక్టు దక్కిన కంపెనీ నుంచి అధికారులకి ఆమ్యామ్యా, పైకి పోయేకొద్దీ సైజు పెరిగే వాటాలు. కథ మొదలయ్యేసరికి ఐదేళ్ల కిందట ఫురుయా అనే అధికారి ఆఫీసు ఏడో అంతస్తు కిటికీలోంచి దూకి చచ్చిపోయి ఉంటాడు, దాంతో అప్పటి కేసు అక్కడే ఆగిపోయి ఉంటుంది. ఇంతవరకు తెలిస్తే చాలు. నిషికీ ఫురుయాకీ మధ్య ఏముందో నేను చెప్పను, మీరూ ఎక్కడా చదవకండి.

మొదటి ఇరవై నిమిషాలూ పెళ్లి విందే. దీన్ని మాత్రం పాజ్ చేయకుండా చూడాలి, వీలైతే పెద్ద తెర మీద, ఎందుకంటే ఆ వెడల్పాటి ఫ్రేమ్‌లో ఓ మూల ఒకడు మాట్లాడుతుంటే ఇంకో మూల ఇంకొకడు చెమటలు కక్కుతుంటాడు, ఫోన్ స్క్రీన్ మీద ఆ రెండోవాడు కనబడడు. పేర్లు అర్థం కావట్లేదని టెన్షన్ పడొద్దు, గోడ పక్కన నిలబడ్డ విలేకరులు ఎవరెవరో, పాత కుంభకోణం ఏమిటో వాళ్లలో వాళ్లు చెప్పుకుంటూనే ఉంటారు, మీ కాగితం పక్కన పెట్టుకుని వాళ్ల మాటలు పట్టుకుంటే చాలు. పెళ్లి దగ్గరికే పోలీసులొచ్చి వాడాని తీసుకెళ్తారు. తత్సువో స్పీచ్ ఇస్తూ మా చెల్లెలిని బాధపెట్టావో చంపేస్తానని కొత్త బావని అందరి ముందూ బెదిరిస్తాడు. తర్వాత కేకు వస్తుంది. అది కార్పొరేషన్ భవనం ఆకారంలో ఉంటుంది, ఏడో అంతస్తు కిటికీలో ఒక గులాబీ గుచ్చి ఉంటుంది. అప్పుడు మీరు కేకుని చూడకండి, మీరు పేర్లు రాసుకున్న ఆ ముఖాలని చూడండి.

కొంచెం చరిత్ర తెలిస్తే ఇంకా బాగా ఎక్కుతుంది. యుద్ధం తర్వాత జపాన్‌లో ఇలాంటి ప్రభుత్వ కార్పొరేషన్లు నిజంగానే పెట్టారు, ఇళ్లకి 1955లో, హైవేలకి 1956లో. 1954లో ఓడల నిర్మాణ కుంభకోణం బయటపడ్డప్పుడు అధికార పార్టీ నాయకుడు ఎయిసాకు సాతోని అరెస్టు చేయబోతే న్యాయశాఖ మంత్రి తన అధికారం వాడి ఆపించాడు, అదే సాతో 1964లో ప్రధానమంత్రి అయ్యాడు. ఈ సినిమాలో ప్రాసిక్యూటర్లు ఎందుకంత నిస్సహాయంగా కనబడతారో దీంతో తెలుస్తుంది. పైగా 1960లో అమెరికాతో భద్రతా ఒప్పందం మీద టోక్యో వీధులు అట్టుడికాయి, జులైలో ప్రధాని కిషి దిగిపోయాడు, సెప్టెంబరులో ఈ సినిమా వచ్చింది. కురొసావా సొంత కంపెనీ పెట్టుకుని తీసిన మొదటి సినిమా ఇదే. డబ్బులొచ్చే కథ ఏదో తీసుకోకుండా దీన్ని ఎంచుకోవడం ఆయన మొండితనం.

మన పగ సినిమాలకి అలవాటుపడ్డ కళ్లు ఇక్కడ ఫ్లాష్‌బ్యాక్ కోసం ఎదురుచూస్తాయి. రాదు. పాత సంగతులన్నీ మాటల్లోనే తెలుస్తాయి కాబట్టి సబ్‌టైటిల్స్ వదలకుండా చదవాలి. ఫైట్లూ లేవు. నిషి చేతిలో ఉన్న ఆయుధాలు భయం, ఓపిక, ఒక టేప్ రికార్డరు.

ఆ టేప్ రికార్డరు సీను గురించి చెప్పి తీరాలి. చావబోయిన వాడాని నిషి ఆపుతాడు, కానీ లోకం దృష్టిలో వాడా చచ్చిపోయినట్టే. నిషి అతన్ని కారులో కూర్చోబెట్టి దూరం నుంచి అతని అంత్యక్రియలు అతనికే చూపిస్తాడు. పెళ్లాం, కూతురు ఏడుస్తుంటారు. పైఅధికారులు మొరియామా, షిరాయ్ వచ్చి ఎంతో దుఃఖంతో నమస్కరిస్తారు. అదే సమయంలో కారులో టేపు తిరుగుతుంటుంది, వెనకాల హుషారైన డాన్సు మ్యూజిక్, ముందు ఈ ఇద్దరి గొంతులు, వాడా చావు తమకెంత కలిసొచ్చిందో చెప్పుకుంటూ. ఇక్కడ సౌండ్ పెంచుకోండి, వీలైతే హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. ఇంత విన్నాక కూడా వాడాకి వెంటనే కోపం రాదు, పెద్దవాళ్ల మీద విధేయత అంత లోతుగా పాతుకుపోయి ఉంటుంది. నా దృష్టిలో సినిమా అసలు విషయం అదే, లంచం దాని తర్వాతే.

ఇది షేక్‌స్పియర్ పగ నాటకం 'హామ్లెట్'కి జపాన్ రూపం అని ఎక్కడైనా చదివి ఉంటే ఆ పోలికని పక్కన పెట్టి చూడండి. దయ్యం లాంటిదొకటి ఉంది, పగ ఉంది, ప్రేమ అడ్డొస్తుంది, అంతవరకు సరే. ఎవరు ఎవరికి సమానం అని లెక్కలేస్తూ కూర్చుంటే సీను దాటిపోతుంది.

రెండు రోజులకి పంచుకుని చూడక తప్పకపోతే నిషి ఎవరో బయటపడే దాకా ఆపొద్దు, సగం దాటాక వస్తుంది. ఆ తర్వాత కథ చాలావరకు బాంబులకి కూలిపోయిన ఒక పాత ఆయుధాల ఫ్యాక్టరీలో నడుస్తుంది, వేగం తగ్గుతుంది, మాటలు ఎక్కువవుతాయి. చివర్లో ఒక పెద్ద సంఘటన కళ్లకి చూపించరు, ఒక మనిషి చెబితే వింటాం. మోసం చేశారని కొందరు తిట్టుకుంటారు, నాకు మాత్రం చూపించి ఉంటే ఇంత మంట ఉండేది కాదనిపిస్తుంది.

ఇవాబుచి ఫోన్లో మాట్లాడే ప్రతిసారీ ఆయన నడుము ఎంత వంగుతోందో గమనించండి, మీరు కాగితం మీద వదిలిన ఖాళీ జాగా అందుకే. ఆఖరి ఫోన్ కాల్ పూర్తయ్యేదాకా లేవకండి. ఇది నచ్చితే తర్వాత 1963లో కురొసావానే తీసిన 'హై అండ్ లో' పెట్టుకోండి, దానికి ఈ కాగితం అక్కర్లేదు.