"నాకు చదవడం రాదు" అంటున్న పిల్లలు ఎక్కడ ఆగుతున్నారో పట్టుకోండి

ఒకటో రెండో తరగతి పిల్లలు తెలుగు వాచకం తీయగానే మొహం మాడ్చుకుంటున్నారంటే "నీకు వస్తుందిరా, చదువు" అని ధైర్యం చెప్పి లాభం లేదు. ఎక్కడో ఒకచోట ఇరుక్కుని ఉంటారు, ముందు అది చూడాలి.

సమస్య: అక్షరమాల గడగడా అప్పజెబుతారు, విడిగా అక్షరం చూపిస్తే తెల్లమొహం

కారణం: వరస పాటలా నోటికొచ్చింది, అంతే. 'ళ' చూపిస్తే లోపల 'క' నుంచి చదువుకుంటూ వచ్చే పిల్లలున్నారు.

పరిష్కారం: అక్షరాలన్నీ అయ్యాకే మాటలు అనే పట్టుదల మానేయండి. క, ల, త, ప, వ వస్తే చాలు, కల, తల, వల, పలక, కలప చదివేయొచ్చు. ప, వ తారుమారు చేస్తుంటే తలకట్టు చూపించండి: 'వ'కి అంటుకుని ఉంటుంది, 'ప'కి విడిగా ఉంటుంది.

సమస్య: కథ తప్పు లేకుండా చదువుతారు, అదే మాట పాల ప్యాకెట్ మీద ఉంటే రాదు

బొమ్మ చూసి గుర్తున్నది చెబుతున్నారన్నమాట. బొమ్మ మీద చెయ్యి పెట్టి కింది లైను నుంచి చదివించండి, తెలిసిపోతుంది. తిట్టకండి, కథ నచ్చబట్టే కదా నోటికొచ్చింది! అందులోవే రెండు మూడు మాటలు చీటీల మీద రాసి, పుస్తకంలో ఎక్కడున్నాయో వెతకమనండి.

సమస్య: ఒత్తు కనబడితే బండి ఆగిపోతుంది

ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. 'రాత్రి' చూడండి. గుడి 'త' మీద ఉంది, 'ర' ఒత్తు కింద ఉంది, కంటికి కనిపించిన వరసలో చదివితే 'రాతిర' అనే వస్తుంది, కాబట్టి తప్పు చదివినా వాళ్ల లెక్క వాళ్లకుంది. పైగా త, న, మ, య, ర, ల ఒత్తులకు అసలు అక్షరం పోలికే ఉండదు.

పరిష్కారం: రోజూ పిలిచే అక్క, అమ్మ, అత్త, అన్నతో మొదలుపెట్టండి. తర్వాత కాగితం మీద ఒకదాని కింద ఒకటి రాత, రాత్ర, రాత్రి అని రాసి చదివించండి. ముందు ఒత్తు, ఆ తర్వాతే గుడి అని వాళ్లకే తడుతుంది.

సమస్య: ఒక్కరే ఉన్నప్పుడు చదువుతారు, ఎవరైనా ఉంటే నోరు విప్పరు

చాలాసార్లు కారణం పెద్దవాళ్లే. అక్షరం అక్షరానికీ అడ్డుపడి దిద్దడం, చుట్టాలు రాగానే "ఏదీ, మామయ్యకి చదివి వినిపించు" అనడం, పక్కింటి పాపతో పోల్చడం. ఆగినప్పుడు మనసులో ఐదు లెక్కపెట్టండి, అప్పటికీ రాకపోతే ఆ మాట చెప్పేసి ముందుకెళ్లండి. ఒక లైను మీరు, ఒక లైను వాళ్లు. చదివిన కథే మళ్లీ తెస్తే మీకు బోర్ కొట్టినా సరే, చదవనివ్వండి. తేలిక కథలు కావాలంటే స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో లెవెల్ ప్రకారం తెలుగులో ఉచితంగా ఉన్నాయి.

సమస్య: నెలల తరబడి ఇవన్నీ చేసినా అక్షరాలు నిలవట్లేదు

బద్ధకం అనేసే ముందు కళ్లు, చెవులు పరీక్ష చేయించండి. అవి బాగుంటే డిస్లెక్సియా (తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది) ఏమో పిల్లల డాక్టర్‌ని అడగండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఇలాంటి అభ్యసన ఇబ్బందుల్ని కూడా గుర్తించింది, కాబట్టి డాక్టర్ రిపోర్టు ఇస్తే దాన్ని స్కూల్లో చూపించి ఏమేం వెసులుబాట్లు ఇస్తారో మొహమాటం లేకుండా అడగండి.