కుందేలుకి స్పే ఆపరేషన్ అంటే భయమేస్తోందా? ఇలా చేయండి

మా కుందేలు చిట్టికి స్పే (పిల్లలు పుట్టకుండా గర్భసంచి, అండాశయాలు తీసేసే ఆపరేషన్) చేయించమని డాక్టర్ అన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు, మత్తులోంచి లేవకపోతే ఎలా అని ఒకటే టెన్షన్. మీకూ అంతేనా, అయితే ఆ భయాల్ని కాగితం మీద రాసుకెళ్ళి డాక్టర్‌నే అడిగేయండి, కుందేళ్ళకి ఇంతకుముందు ఎన్ని చేశారు, మత్తుకి ఐసోఫ్లూరేన్ గ్యాస్ వాడతారా, నొప్పికి ఏమిస్తారు అని. "రాత్రి నుంచి ఏం పెట్టొద్దు" అన్నారంటే మాత్రం నేనైతే వేరే డాక్టర్‌ని వెతుక్కుంటా, ఎందుకంటే కుందేలు అసలు వాంతి చేసుకోలేని జంతువు, మత్తులో వాంతి అవుతుందని కుక్కకి చెప్పే పస్తు దీనికి అక్కర్లేదు, పైగా తిండి ఆగితే పేగులు కదలడం మానేస్తాయి, అసలు డేంజర్ అదీ.

వద్దులే మానేద్దాం అనిపిస్తే ఒకటి గుర్తుపెట్టుకోండి, స్పే చేయని ఆడ కుందేళ్ళకి 3, 4 ఏళ్ళు దాటాక గర్భసంచి క్యాన్సర్ చాలా ఎక్కువ.

ఆపరేషన్ అయి ఇంటికొచ్చాక చిట్టి మూలన ముడుచుకుని పళ్ళు కొరుకుతూ కూర్చుంది, అది నొప్పికి గుర్తు, మందు టైమ్ తప్పొద్దు. కొత్తిమీర ముక్కు దగ్గర పెడితే మొహం తిప్పేసింది, రాత్రి పదకొండుకి ఒక్క రెమ్మ లాక్కుంది చూడండి, నాకు ఏడుపొచ్చేసింది. పెంటికలు కూడా లెక్కపెట్టండి (మావాళ్ళు నవ్వారు, నవ్వనీ). 12 గంటలు తినకపోయినా, పెంటికలు ఆగినా పొద్దున చూద్దాంలే అనుకోవద్దు, వెంటనే ఫోన్ కొట్టండి. రాత్రిపూట ఎత్తే నంబర్ ఆపరేషన్‌కి ముందే తీసిపెట్టుకోండి.