టీ ఫ్లాస్కును శుభ్రపరచే విధానం
పాలు కలిపిన టీ పోసే స్టీలు ఫ్లాస్కును ఖాళీ అయిన వెంటనే కడగాలి; ఆలస్యమైతే పాలజిడ్డు లోపలి గోడకు పట్టి పులిసిన వాసన వస్తుంది. గోధుమరంగు మరకలు పేరుకున్నప్పుడు ఒక చెంచా వంటసోడా వేసి, నిండా వేడినీళ్లు పోసి, మూత పెట్టకుండా కొన్ని గంటలు ఉంచి, పొడవు పిడి ఉన్న మెత్తని బ్రష్షుతో రుద్దాలి. సోడాలో నిమ్మరసం కలిపి మూత బిగించడం మాత్రం ప్రమాదకరం, ఎందుకంటే అందులో పుట్టే వాయువు ఒత్తిడికి మూత ఎగిరిపడవచ్చు.

దుర్వాసన చాలాసార్లు మూతలోని రబ్బరు వాషరు కిందే ఉంటుంది: దానిని చెంచా కాడతో మెల్లగా ఊడదీస్తే, అంచున జిగురుగా పట్టిన మీగడ చార కనిపిస్తుంది. దానిని విడిగా కడిగి, పూర్తిగా ఆరాకే తిరిగి అమర్చాలి. వేడినీళ్లు పోసిన కాసేపటికే ఫ్లాస్కు బయటి గోడ వేడెక్కుతుంటే, రెండు గోడల మధ్య ఉండే శూన్యం (గాలి తీసేసిన ఖాళీ) చెడినట్టే; అది ఇంట్లో బాగయ్యేది కాదు.