లేచి వెళ్లిన చోటును ఫోటో తీయడం

విజయవాడలో కెమెరా చేతికి రాగానే అందరం ప్రకాశం బ్యారేజీ వైపో, ఇంద్రకీలాద్రి వైపో నడుస్తాం. అక్కడ దొరికేది ఊరి అందం. మనసులో మెల్లగా కదిలేదేదో ఫోటోలోకి రావాలంటే మాత్రం ముందుగా సొంత ఇంటి గడప దగ్గర కూర్చోవాలి.

ఇంట్లో ఒక కిటికీని ఎంచుకుని, వారం రోజుల పాటు ఒక్క ఫోటో కూడా తీయకుండా, ఏ వేళకు వెలుగు ఎక్కడ పడుతుందో గమనించండి. వన్‌టౌన్ సందుల్లో ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి కనుక నేరుగా ఎండ పడేది కాసేపే. మిగతా సమయమంతా ఎదుటి గోడకు తగిలి తిరిగి వచ్చే మెత్తని వెలుగు ఉంటుంది. నాకు ఈ రెండోదే ఇష్టం, ఎందుకంటే ఇందులో నీడల అంచులు పలచబడి, వస్తువు మీది చిన్న గీత కూడా కనబడుతుంది.

తర్వాత, మనిషి కన్నా ఆ మనిషి ఇప్పుడే లేచి వెళ్లిన చోటును చూడండి. మా అమ్మ మధ్యాహ్నం పేపరు చదువుతూ కునుకు వస్తే కళ్లజోడు తీసి పేపరు మీద పెడుతుంది. దాని ఒక కాడకు తెల్లదారం చుట్టి ఉంటుంది, కుడి అద్దం మీద పసుపు అంటిన వేలిముద్ర ఉంటుంది. నిద్రపోతున్న ఆమె ముఖాన్ని ఎన్నోసార్లు తీశాను, కానీ ఆమె ఓపిక, అలసట రెండూ కనిపించింది ఆ కళ్లజోడులోనే. వస్తువును సర్దకండి, దారం ఉన్నట్టే ఉండనివ్వండి.

ఫోన్‌లోని ప్రధాన కెమెరా సాధారణంగా 24 నుంచి 26 మి.మీ. లెన్సుతో, అంటే ఎక్కువ వెడల్పును చూసే లెన్సుతో, సమానమైనది కాబట్టి మరీ దగ్గరకు వెళితే ఆకారాలు సాగినట్టు వస్తాయి. రెండు రెట్ల జూమ్ పెట్టుకుని ఒక అడుగు వెనక్కి జరగండి. వెలుగు పడిన చోట తెర మీద వేలు నొక్కిపట్టి ఫోకస్‌ను లాక్ చేసి, ఎక్స్‌పోజర్ (ఫోటో ఎంత వెలుగుగా రావాలన్నది) కొద్దిగా తగ్గించండి. లేకపోతే ఫోన్ నీడలన్నిటినీ వెలిగించేసి, ఆ మధ్యాహ్నపు మగతను చెరిపేస్తుంది. కెమెరా ఉన్నవారు 50 మి.మీ. లెన్సుతో, ఎఫ్/2 (లెన్సు ద్వారం ఎంత తెరుచుకోవాలన్నది), 1/125 సెకను (వెలుగును లోపలికి రానిచ్చే సమయం), ఐఎస్ఓ 800 (వెలుగుకు కెమెరా స్పందించే తీరు) దగ్గర మొదలుపెట్టవచ్చు.

బయటకు వెళ్లినా పద్ధతి ఇదే. బందరు కాలువ గట్టున ఒకే చోట అరగంట నిలబడండి. మనుషులు ఫ్రేములో ఉంటే అడిగి తీయండి, వద్దంటే తీయకండి.

నచ్చిన పదింటిని 4×6 అంగుళాల సైజులో ప్రింటు వేయించి, రోజూ కళ్లబడే చోట నెల రోజులు ఉంచి, చూపు ఆగనివాటిని ఒక్కొక్కటిగా తీసేయండి. మా బీరువా తలుపు మీద ఇప్పుడు రెండే ఉన్నాయి: అమ్మ కళ్లజోడు, కాలువ గట్టున ఆరవేసిన ఒక నీలం చీర.