ఎల్ఈడీ బల్బు కొనే ముందు హెడ్‌లైట్ అద్దం మీది అక్షరాలు చదవండి

నా కారు 2014 నాటి చిన్న హ్యాచ్‌బ్యాక్. అమ్మానాన్నలు వికారాబాద్‌లో ఉంటారు కాబట్టి నెలకు రెండు శుక్రవారాలైనా బ్యాంకు పని ముగించుకుని రాత్రిపూటే బయలుదేరతాను. మొయినాబాద్ దాటాక మర్రిచెట్ల నడుమ డివైడర్ లేని రోడ్డు మీద ఎదురు బండి వెలుగు కంట్లో పడితే ఎలా ఉంటుందో ఆ దారిన తిరిగినవాళ్లకు చెప్పనక్కరలేదు. నా హెడ్‌లైట్లేమో గుడ్డి దీపాలు. విసుగెత్తి నిరుడు రాణిగంజ్‌లో ఒక దుకాణంలో 3,200 రూపాయలిచ్చి ఎల్ఈడీ బల్బులు వేయించాను. "పోలీసులు ఏమీ అనరా?" అని అడిగితే "అందరూ వేయించుకుంటున్నారు మేడమ్" అన్నాడు. అది నా ప్రశ్నకు జవాబు కాదని ఇంటికి వచ్చాక గానీ తట్టలేదు.

రెండు వారాల తర్వాత మా మరిది నా కారు తీసుకెళ్లాడు. నేను ఆటోలో ఇంటికి వస్తుంటే మా వీధి మలుపులో ఎవరిదో బండి ఎదురై కళ్లు బైర్లు కమ్మాయి. ఆటో డ్రైవర్ చేయి అడ్డం పెట్టుకుని నాలుగు తిట్లు తిట్టాడు. చూస్తే అది నా కారే. "డిప్‌లోనే ఉంది వదినా, ఒట్టు" అన్నాడు మరిది. నిజమే, వెలుగు కిందికి వాలే డిప్‌లోనే ఉంది. అప్పుడు మొదలుపెట్టాను ఈ చదువు.

ముందుగా బానెట్ దగ్గర వంగి హెడ్‌లైట్ అద్దం మీద అచ్చుపోసిన చిన్న అక్షరాలు చూడండి. చాలా కార్లకు హెచ్, సీ, ఆర్ అని కనిపిస్తాయి. హెచ్ అంటే ఆ దీపాన్ని తీగ వేడెక్కి వెలిగే హాలోజెన్ బల్బు కోసమే తయారుచేశారని, సీ అంటే డిప్, ఆర్ అంటే దూరం పారే బ్రైట్. అక్కడ హెచ్ ఉంటే ఎల్ఈడీ బల్బు మాట అంతటితో వదిలేయండి. కంపెనీయే ఎల్ఈడీ హెడ్‌లైట్‌తో అమ్మిన కారు సంగతి వేరు. అందులో బల్బు, అద్దం, వెలుగును రోడ్డు మీదికి మళ్లించే లోపలి రిఫ్లెక్టర్ అన్నీ కలిపి పరీక్షించి ఆమోదం పొందినవి.

కారణం తెలిస్తే దుకాణంలో మీ నోరు మూయించడం కష్టం. డిప్‌కూ బ్రైట్‌కూ ఒకే బల్బులో చెరో తీగ ఉండే రకాన్ని హెచ్4 అంటారు. ఆ హాలోజెన్ బల్బులో వెలుగు సన్నని తీగ చుట్టూ అన్ని వైపులకూ పుడుతుంది. డిప్ తీగ కింద ఒక బుల్లి లోహపు దొప్ప ఉంటుంది, పైకి పోయే వెలుగును అదే ఆపుతుంది. రిఫ్లెక్టర్ ప్రతి వంపునూ ఆ తీగ ఉన్న చోటును లెక్కగట్టి చేశారు. ఎల్ఈడీ బల్బులో వెలుగునిచ్చే చిప్పులు ఒక పలక రెండు ముఖాల మీద ఉంటాయి. వెలుగు పుట్టే చోటు కొద్దిగా జరిగినా రోడ్డు మీద వెలుగు పై అంచు గీత చెదిరిపోయి ఎదుటివాడి ముఖం మీదికి ఎగబాకుతుంది. ఆమోదం పొందిన హెచ్4 బల్బు బ్రైట్‌లో 60, డిప్‌లో 55 వాట్లు; వెలుగును కొలిచే ల్యూమెన్లలో చూస్తే బ్రైట్‌లో సుమారు 1,650, డిప్‌లో సుమారు 1,000. ఎల్ఈడీ పెట్టె మీద వేలకు వేలు అచ్చువేస్తారు. నా పెట్టె అడుగున "రోడ్డు మీద వాడకానికి కాదు" అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం చీమతలకాయంత అక్షరాల్లో ఉంది.

ఇక చట్టం. బండిలో మార్పులను కట్టడి చేసే 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌లో "మార్పు" అంటే బండి మౌలిక లక్షణం మారేంత నిర్మాణ మార్పు అని వివరణ ఉంది. బల్బు మారిస్తే నిర్మాణం మారిందా అని దుకాణదారులు దీన్నే పట్టుకుని వాదిస్తారు. ఆ వాదన ఒప్పుకున్నా తప్పించుకోలేరు. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 106వది సూటిగా చెబుతుంది: దీపానికి 8 మీటర్ల ముందు, బండి కుడి అంచుకు అర మీటరు పక్కన, నేల నుంచి మీటరున్నర ఎత్తున ఉన్న కంటికి మిరుమిట్లు కలగకూడదు. మా ఆటో డ్రైవర్ కన్ను ఇంచుమించు అక్కడే ఉంది. 124వ నియమం ప్రకారం విడిభాగాలు నిర్ణీత ప్రమాణాలకు సరిపోవాలి. పైగా 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ నాలుగో ఉపసెక్షన్ బండి యజమాని మీదికే వస్తుంది: అనుమతి లేని విడిభాగం బిగించడంతో సహా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. రంగుల మాట కూడా చెప్పాలి. ముందువైపు ఎర్ర వెలుగు చూపకూడదు. ఇండికేటర్ కాషాయపు పసుపులోనే ఉండాలి.

జర్మనీలో ఉన్న మా పెద్దమ్మ కొడుకు "ఇక్కడ చట్టబద్ధమే" అని వాదించాడు. నిజమే, 2020లో ఓస్రామ్ కంపెనీ ఎల్ఈడీ బల్బుకు అక్కడ అనుమతి వచ్చింది, కానీ పరీక్షించి జాబితాలో చేర్చిన కారు మోడళ్లకు మాత్రమే. ఆ కాగితం శంషాబాద్ విమానాశ్రయం దిగాక చెల్లదు.

మరి చీకట్లో ఏం చేయాలి? నేను చేసినవి ఇవి. పచ్చబడిన అద్దానికి పాలిష్ పట్టించాను, సగం తేడా దానితోనే వచ్చింది. పాత బల్బుల స్థానంలో అదే వాటేజీ కొత్త హాలోజెన్ జత వేయించాను. 100/90 వాట్లవి అంటగట్టబోయాడు, వద్దన్నాను. అవీ చట్టానికి బయటివే, పైగా హోల్డరు కరుగుతుంది. బల్బు దగ్గర వోల్టేజీ కొలిపించండి. అది పది శాతం తగ్గితే వెలుగు దాదాపు 30 శాతం పడిపోతుంది. అలా తగ్గితే, బ్యాటరీ నుంచి నేరుగా బల్బుకు కరెంటు అందించే రిలే వైరింగ్ దొరుకుతుంది, తీగలు కోయకుండా కప్లర్‌తో తగిలించవచ్చు.

తర్వాత గోడ పరీక్ష. చదునైన చోట, టైర్లలో గాలి సరిచూసి, డ్రైవర్ సీట్లో ఒకరిని కూర్చోబెట్టి, గోడకు 10 మీటర్ల దూరంలో కారు నిలపండి. డ్యాష్‌బోర్డు మీద హెడ్‌లైట్ ఎత్తు మీట ఉంటే సున్నాలో పెట్టండి. దీపం నడిమి ఎత్తును గోడ మీద సుద్దతో గుర్తించండి. డిప్ వెలుగు పై అంచు ఆ గుర్తుకు పది సెంటీమీటర్లు కిందుండాలి, ఎడమవైపు మాత్రం కాస్త పైకి లేవాలి. లేకపోతే హెడ్‌లైట్ వెనుక మరతో సరిచేయించండి. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఇది చేస్తుంటే వాచ్‌మన్ గోడ పాడవుతోందని గొడవ పెట్టాడు. సుద్ద తుడిచి చూపించాక శాంతించాడు.

కారు లోపలి దీపానికి ఎల్ఈడీ పెట్టుకోవడం ఇబ్బంది కాదు. వెనుక నంబర్ ప్లేటు దీపం తెల్లగానే ఉండి, 15 మీటర్ల నుంచి నంబరు చదవగలిగేలా ఉండాలి.

ఇప్పటికే ఎల్ఈడీ బిగించుకున్నవారు తీయించేటప్పుడు హెడ్‌లైట్ వెనుక రబ్బరు మూతలు చూసుకోండి. ఎల్ఈడీ బల్బు వెనుక దాన్ని చల్లబరిచే ఫ్యాన్ పట్టడం లేదని నా కారుకు ఎడమ మూతను బ్లేడుతో కోసేశారు. జూలై వానకు దీపంలో నీళ్లు చేరాయి. కొత్త మూతకు 340 రూపాయలు పడింది, తెప్పించడానికి ఎనిమిది రోజులు పట్టింది.